తాత అల్లిన కంపదడి

మా అమ్మమ్మ ఊరు నిజాంసాగర్ జలాశయం ఒడ్డున. ఎండాకాలం సెలవులకు బోధన్ నుంచి పోగానే తాత నా చెయ్యి పట్టుకుని రేవుకు తీసుకుపోయేవాడు. మోకాలి లోతు నీళ్లలో వరసగా వెదురు గుంజలు, వాటికి అల్లిన తుమ్మకంప. స్నానాలైనా, బిందెలు ముంచుకోవడమైనా ఆ దడి లోపలే.

"చేపలు కడిగిన నీళ్లు ఈడ పొయ్యకు బిడ్డా. రోజూ ఒక్క కాడనే, ఒక్క యాళ్లకే దిగకు. అది కనిపెడ్తది" అనేవాడు.

'అది' అంటే మొసలి. దాని వేట అంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. ఒడ్డు పక్కనే మునిగి, కళ్లూ ముక్కూ మాత్రం పైకి పెట్టి, నీళ్లకొచ్చే ప్రాణి అలవాటు కనిపెట్టి అందుకుంటుంది. శ్రీలంకలో నిల్వల నది ఒడ్డున ఇలాంటి దడులను 'కింబుల్ కొటువ' అంటారని పెద్దయ్యాక చదివినప్పుడు, తాత వేళ్లలో దిగిన తుమ్మముళ్లు గుర్తొచ్చాయి.

నా తొమ్మిదో ఏట మా మేకపిల్ల దడి బయట నీళ్లు తాగుతోంది. నీళ్లు ఒక్కసారి తెల్లగా లేచాయి, అంతే. కాసేపటికి దాని మెడకు కట్టిన ఎర్ర పేలిక తేలింది. తాత మొసలిని పల్లెత్తు మాట అనలేదు. మేకను బయట వదిలింది మేమేనన్నాడు. పొద్దుగూకే లోపల కంప కొత్తగా అల్లాడు.

మంజీరలో మొసలి పాత కాపు. ఆ నది మీది నిజాంసాగర్ కట్ట నిన్నమొన్నటిది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని కాలువ నీళ్లతోనే బోధన్ చుట్టూ చెరకు పెరిగింది, 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆ ఫ్యాక్టరీ 2015 చివర్లో ఆగిపోయింది. మొసలి ఇంకా ఉంది. చర్మం కోసం చంపీ చంపీ దేశమంతటా దాన్ని కరువు చేశాక 1972లో వన్యప్రాణుల చట్టం, 1975లో మొసళ్ల సంరక్షణ పథకం, 1978లో మనకు ఎగువన మంజీర అభయారణ్యం వచ్చాయి.

29 టీఎంసీలకు పైగా పట్టిన జలాశయం పూడిక పడి ఇప్పుడు 17.8 టీఎంసీలకు దిగింది. వేసవిలో మడుగులు ఎండితే మొసలి నీళ్లు వెతుక్కుంటూ నేల మీద నడుస్తుంది. కాలువలోనో పొలంలోనో ఎదురుపడితే అది మన మీదికి వచ్చిందనుకుంటాం. ఆ రోజుల్లోనే ఒడ్డున గుడ్లు పెట్టి తల్లి కాపలా ఉంటుంది, దగ్గరికి పోతే ఊరుకోదు.

సెలవు రోజున కట్ట చూడటానికి వచ్చేవాళ్లకు నాదొక విన్నపం. తిన్న కోడి ఎముకలు, చేప పొట్టలు నీళ్లలో వేయకండి. పొద్దుగూకాక పిల్లల్ని రేవులో దించకండి. మొసలి కనబడితే రాళ్లు రువ్వకుండా, దూరం జరిగి అటవీశాఖ వాళ్లకు చెప్పండి.