తేలిక చదువుల చరిత్ర

"ఆడపిల్లవు, అల్కగుండే గ్రూపేదన్న తీసుకోరాదు బిడ్డా!"

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజుల్లో వికారాబాద్, తాండూరు వైపు ఇళ్లల్లో ఈ మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది. అనేది ఎక్కువగా తల్లే. అందులో చిన్నచూపు కంటే లెక్క ఎక్కువ. పొద్దున్నే నీళ్లు పట్టడం, వంట, తమ్ముళ్లను బడికి తయారు చేయడం, కంది కోతల రోజుల్లో చేను పని, వీటన్నిటి తర్వాత మిగిలిన వేళలో ఆ పిల్ల చదువుకోవాలి. ఎంపీసీ, బైపీసీ అంటే ప్రాక్టికల్స్, ట్యూషన్, పట్నంలో ఎంట్రెన్స్ కోచింగ్. సీఈసీ, హెచ్‌ఈసీ అయితే నాలుగు రోజులు కాలేజీకి పోకున్నా పరీక్ష గట్టెక్కవచ్చు. ఇంటి చాకిరీలో ఒక్క పనీ తగ్గదు కాబట్టి తగ్గించగలిగినది చదువొక్కటే. ఆ తల్లి దాన్నే తగ్గిస్తుంది.

ఈ లెక్క ఆమె కనిపెట్టింది కాదు. దానికి నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రెండు పాయలున్నాయి. ఒకటి, ఆడవాళ్లకు ఇంతకంటే అవసరం లేదని ఇతరులు కొలిచి ఇచ్చిన తేలిక. రెండోది, మోయలేని బరువు మధ్య చదువును అందుకోవడానికి ఆడవాళ్లూ వాళ్ల తరఫున నిలబడ్డవాళ్లూ కల్పించుకున్న తేలిక. బయటికి రెండూ ఒక్కలాగే కనబడతాయి. వాటిని విడదీసి చూడకపోతే మన పిల్లలకు ఏ సలహా ఇవ్వాలో మనకే తెలియదు.

మొదటి పాయ సంగతి చూద్దాం. 1873లో అమెరికాలో ఎడ్వర్డ్ క్లార్క్ అనే వైద్యుడు, అబ్బాయిలతో సమానంగా మెదడుకు పని పెడితే అమ్మాయిల గర్భాశయం దెబ్బతింటుందని ఒక పుస్తకమే రాశాడు. దానికి శాస్త్రం అని పేరు. అంతకు కొంచెం ముందే లండన్ విశ్వవిద్యాలయం ఆడవాళ్ల కోసం విడిగా ఒక పరీక్ష పెట్టింది. 1869లో మొదటిసారి దాన్ని రాసినవాళ్లు తొమ్మిది మంది. ఎమిలీ డేవిస్ ఇలాంటి ప్రత్యేక పరీక్షలను ఒప్పుకోలేదు. అదే ఏడాది తాను మొదలుపెట్టిన కళాశాలలో, తర్వాత గిర్టన్‌గా పేరు పొందిన దానిలో, మగవాళ్లు రాసే పరీక్షే రాయాలని పట్టుబట్టింది. వేరే పరీక్ష ఎంత బాగున్నా లోకం దాన్ని తక్కువ పరీక్షగానే చూస్తుందని ఆమె వాదం. న్యూనమ్ కళాశాల వెనక నిలిచిన హెన్రీ సిజ్‌విక్ వంటివాళ్లు, పాతబడిన కేంబ్రిడ్జి పాఠ్యక్రమాన్ని ఆడవాళ్లు మాత్రం ఎందుకు నెత్తిన పెట్టుకోవాలని అడిగారు. రెండు వైపులా న్యాయం ఉంది. ఆ తగువు ఈనాటికీ తెగలేదు.

మన దేశంలో ఈ తగువుకు రూపం 1916లో ధోండో కేశవ్ కార్వే పుణెలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం. జపాన్ మహిళా విశ్వవిద్యాలయం ఆయనకు స్ఫూర్తి. బోధన మాతృభాషలో. ఇంగ్లిషు ఒక పాఠ్యాంశం. గృహవిజ్ఞానం, ఆరోగ్యశాస్త్రం తప్పనిసరి. ఇది తక్కువరకం డిగ్రీ అన్నవాళ్లున్నారు. ఆడవాళ్లను మళ్లీ వంటింటికే తయారు చేస్తున్నారన్నవాళ్లూ ఉన్నారు. ఆ రెండో విమర్శలో నిజం లేకపోలేదు. 1920 నుంచి ఠాకర్సీ కుటుంబం ఇచ్చిన విరాళంతో ఆ తల్లి పేరు మీద నడిచిన ఈ విశ్వవిద్యాలయానికి చట్టబద్ధమైన హోదా 1951లో గాని రాలేదు.

అదే విశ్వవిద్యాలయాన్ని హైదరాబాదు నుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. నిజాం రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. ఒక దేశభాషలో ఉన్నత విద్య నేర్పడం గొప్ప ప్రయోగమే. కానీ రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష అది కాదు. తాండూరు అప్పుడు గుల్బర్గా జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతోనే అది తెలుగు రాష్ట్రంలోకి వచ్చింది. ఇంట్లో తెలుగో కన్నడమో, తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లకు పై చదువంటే ముందు మరో భాష దాటాలి. మగపిల్లవాడికి బజారులోనూ కచేరీలోనూ ఉర్దూ ఎంతో కొంత అబ్బుతుంది. గడప దాటని ఆడపిల్లకు ఎట్లా అబ్బుతుంది? వికారాబాద్‌లో మెథడిస్టు మిషన్ స్త్రీలు నడిపిన మేరీ నాట్స్ బాలికల పాఠశాల వంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

ఈ పరిస్థితుల్లో 1928లో మాడపాటి హనుమంతరావు, ఆయన మిత్రులు హైదరాబాదులో ఆంధ్ర బాలికోన్నత పాఠశాల పెట్టారు. బోధన తెలుగులో. ఉస్మానియా ఆ మాధ్యమాన్ని గుర్తించదు. మరి ఆ పిల్లలు ఏ పరీక్ష రాయాలి? పాఠశాలను కార్వే విశ్వవిద్యాలయానికి అనుబంధం చేశారు. ఒకచోట 'తక్కువ చదువు' అని పేరు పడ్డది ఇంకొకచోట ఉన్న ఒక్క తలుపు అయింది. ఇక్కడ తగ్గింది పాఠం బరువు కాదు, పరాయి భాష బరువు. తేలిక అన్న మాట వినగానే ఏ బరువును తీశారని అడగాల్సిన అవసరం ఇక్కడే తెలుస్తుంది.

రెండో పాయలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉంది. బడి చదువు మధ్యలో ఆగిపోయిన ఆమె, ప్రైవేటుగా రాసుకునే వీలున్న బెనారస్ మెట్రిక్యులేషన్ ద్వారా మళ్లీ చదువులోకి వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసింది. తాను నడిచిన దారినే మద్రాసులోని ఆంధ్ర మహిళా సభలో ఇతర స్త్రీలకు చూపింది. ఆమె అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, చదువు మానేసిన వయోజన స్త్రీల కోసం 'కండెన్స్‌డ్ కోర్సులు' మొదలుపెట్టింది. అందులో కుదించింది కాలాన్ని. చివర రాయాల్సిన పరీక్ష మాత్రం అందరూ రాసేదే. ఈ తేడా చిన్నది కాదు. పరీక్షను తగ్గిస్తే దాని అవతల ఉన్న తలుపు కూడా చిన్నదవుతుంది. కాలాన్నీ, దూరాన్నీ, ఖర్చునూ తగ్గిస్తే తలుపు అట్లాగే ఉంటుంది.

స్వతంత్ర భారత ప్రభుత్వం మాత్రం ఈ తేడా దగ్గర చాలాకాలం తడబడింది. 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ స్త్రీలకు తగిన కోర్సులుగా గృహ అర్థశాస్త్రం, నర్సింగ్, ఉపాధ్యాయ వృత్తి, లలితకళలను చెప్పింది. ఆడపిల్లలకు వేరే పాఠ్యక్రమం ఉండాలా అన్నది తేల్చడానికి 1962లో వేసిన హంసా మెహతా కమిటీ, ఆడ మగ తేడాలని మనం అనుకునేవాటిలో ఎక్కువ భాగం సమాజం తయారు చేసినవేననీ, పాఠ్యక్రమాన్ని వాటి మీద కట్టకూడదనీ చెప్పింది. గణితం, సైన్సు వైపు ఆడపిల్లలను ప్రోత్సహించాలంది. 1964-66 కొఠారీ కమిషన్ దాన్ని బలపరిచింది. కాగితం మీద గెలిచాం. బడిలో ఏం జరిగింది? 1960లలో మన ఉన్నత పాఠశాలల్లో జనరల్ మ్యాథ్స్, కాంపోజిట్ మ్యాథ్స్ అని రెండుండేవి. కాంపోజిట్ తీసుకోకపోతే తర్వాత లెక్కల గ్రూపు దారి మూసుకుపోయేది. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్ల చేసిన ఎంపికకు మిగతా జీవితం కట్టుబడేది. 1969లో ఇంటర్మీడియట్ వచ్చాక ఆ కూడలి పదిహేనో ఏటికి జరిగిందంతే.

ఆ కూడలి దగ్గర తాండూరు, వికారాబాద్ పిల్లలకు ఇంకో కొలత కూడా ఉంది, రైలు. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా ఈ రైలుమార్గం 1874 నుంచే ఉంది. వికారాబాద్ నుంచి హైదరాబాదు 70 కిలోమీటర్లు, తాండూరు నుంచి సుమారు 110. పట్నంలో మంచి సైన్సు కాలేజీ ఉందని తెలిసినా, చీకటి పడ్డాక స్టేషన్లో దిగే కూతురిని ఊహించుకుని తండ్రి ఊళ్లో ఉన్న కాలేజీలో ఉన్న గ్రూపుకే ఒప్పుకుంటాడు. పాఠం తేలికనా కష్టమా అన్న ప్రశ్న అక్కడ రానే రాదు.

ఇక్కడ మన గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఈ పత్రిక చదివేవాళ్లలో, రాసేవాళ్లలో చాలామందిమి తెలుగు, చరిత్ర, రాజనీతి శాస్త్రం, సమాజశాస్త్రం చదివినవాళ్లం. ఎవరో ఒకరు ఏదో ఒక రోజు మన చదువును కూడా తేలిక చదువన్నారు. ఆడపిల్లలు ఎక్కువైన తరగతికి ఆ పేరు ఎంత తొందరగా వస్తుందో మనకు తెలుసు. కానీ 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'కు, సూసీ థారు, కె. లలిత సంపాదకత్వంలో 1991, 1993లలో రెండు సంపుటాలుగా వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనానికి కావలసిన పరికరాలు ఆ తేలిక చదువుల్లోవే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను విని, రాసి, ప్రశ్నించడంలో తేలికేముంది? అందుకని ఆర్ట్స్ గ్రూపు తీసుకున్న పిల్లను చూసి అయ్యో అనడం మన పని కాదు. ఆ గ్రూపును ఆమె ఎంచుకుందా, ఆమెకు అంటగట్టారా అన్నదే మన ప్రశ్న.

1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశం పెళ్లయిన ఆడవాళ్లకు నిజమైన ఆసరా అయింది. అయితే బార్ కౌన్సిల్ 2008 న్యాయవిద్యా నియమాలు, ముందటి మెట్లు లేకుండా నేరుగా సంపాదించిన డిగ్రీని లా కోర్సు ప్రవేశానికి ఒప్పుకోలేదు. దుర్గాబాయి నడిచిన న్యాయశాస్త్రం దారి ఆ స్త్రీలకు మూతపడింది. 2020 జాతీయ విద్యావిధానం ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇచ్చి బయటికి పోయే వీలు పెట్టింది. సంపాదించిన క్రెడిట్లు ఏడేళ్ల దాకా నిలవ ఉంటాయట. మగపిల్లవాడికి అది వెసులుబాటు. సంబంధం కుదిరిన ఆడపిల్లకు? పెళ్లి, పురుడు, పిల్లల బడి అయ్యేసరికి ఏడేళ్లు ఎట్లా గడిచిపోతాయో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

బరువును ఇంకోచోట తీసిన ప్రయత్నాలూ ఉన్నాయి. తెలంగాణలో 2016 నుంచి సాంఘిక సంక్షేమ గురుకులాల సంస్థ మహిళా డిగ్రీ కళాశాలలు నడుపుతోంది. అక్కడ దళిత, పేద కుటుంబాల అమ్మాయిలకు వంట, నీళ్లు, రోజూ ప్రయాణం లేవు. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేకుండా చేశారు. ఈ రెండూ సిలబస్‌లో ఒక్క పేజీ తగ్గించలేదు. అయినా చదువును తేలిక చేశాయి.

కాబట్టి మన దగ్గరికి సలహా కోసం వచ్చిన పిల్లతో, ఆ తల్లితో మనం మాట్లాడాల్సిన సంగతులు మూడున్నాయి. ఈ గ్రూపు తర్వాత ఏ తలుపులు మూసుకుపోతాయి? బీఎస్సీ నర్సింగ్‌కు బైపీసీ కావాలి, అయిదేళ్ల లా కోర్సుకు ఏ గ్రూపైనా చాలు. ఇట్లాంటివి ముందే తెలియాలి. రెండోది, మూసుకున్నది మళ్లీ తెరుచుకునే బ్రిడ్జి కోర్సు వంటిదేమైనా ఉందా? మూడోది అందరికంటే తల్లిదండ్రులు వినాల్సింది: ఆ పిల్ల రోజులో చదువు కాకుండా తగ్గించగలిగిన పని ఏది? ఆ మూడోదానికి జవాబు దొరికిన ఇంట్లో పిల్ల ఏ గ్రూపు తీసుకున్నా అది ఆమె ఎంపికే అవుతుంది.