పుట్టా, గోడా, మన ఇల్లూ



గుడియాత్తం దాటి కొండల వైపు పోతే మోర్ధానా వస్తుంది. చిత్తూరు జిల్లా కొండల్లోంచి దిగివచ్చే కౌండిన్య నదికి అక్కడ ఆనకట్ట ఉంది. కొండకు ఒక పక్క ఆంధ్ర, ఇంకొక పక్క తమిళనాడు. 1911లో పాత ఉత్తర ఆర్కాటును చీల్చి చిత్తూరు జిల్లాను చేసినప్పుడు ఒక గీత గీశారు. 1960 ఏప్రిల్‌లో ఆ గీతను మళ్ళీ సర్దారు. ఈ గీతలు మనుషులకు తెలుసు గాని చెదపురుగుకు తెలియవు. మనం చెదలు అంటే పక్కింటి తమిళులు కరయాన్ అంటారు. ఏ పేరుతో పిలిచినా అది తినేది మన వాసాన్నే, మన తలుపునే, పెట్టెలోని మన దస్తావేజునే. అందుకని ఈ పూట రాజుల కథ కాకుండా మన ఇంటి గోడ కథ చెప్పుకుందాం.

మాకు దగ్గరి బంధువు ఒకాయన తాతలనాటి మట్టిమిద్దెకు సిమెంటు పూత పూయించాడు. "ఇంక నూరేళ్ళు చూడనక్కరలేదబ్బా" అన్నాడు. నాలుగు వానాకాలాలు గడిచాక ఆ గోడను వేలితో తట్టి చూస్తే డొల్ల చప్పుడు. పూత పెచ్చు ఊడదీస్తే లోపల మట్టి తడిసి మెత్తబడి ఉంది. దాని మీద చెదల దారులు చెట్టు వేళ్ళలాగా అల్లుకొని పోయాయి. గోడకు ఆనించిన కొయ్యపెట్టెలో పొలం కాగితాలూ, ఆయన తాత చదివిన తెలుగు పుస్తకాలూ ఉండేవి. మూత తీస్తే పైన అట్టలు అట్టే ఉన్నాయి, లోపల పిడికెడు మన్ను. కాగితాలకు నకళ్ళు తెచ్చుకోవచ్చు. తమిళ బడిలో చదివే మనవలకు తెలుగు అక్షరం చూపించడానికి ఆ ఇంట్లో మిగిలినవి ఆ పుస్తకాలే. వాటికి నకళ్ళు ఎక్కడ తెస్తాడు?

ఇంతకీ ఈ చెదపురుగు మనకు శత్రువేనా? నాగులచవితినాడు మన ఆడవాళ్ళు పాలు పోసే పుట్ట ఎవరు కట్టింది? చెదలు కట్టిందే. పాము తరువాత చేరిన అద్దెకాపు. పెళ్ళికి పుట్టమన్ను తెస్తాం. కంసాలి మూసకు పుట్టమన్నే వాడేవాడు. అలికే అరుగుకూ, పొయ్యికీ పుట్టమన్నే మేలని మా అవ్వ అనేది. తొలివానలకు లేచే తెల్ల గొడుగులకు మన భాష పెట్టిన పేరే పుట్టగొడుగు. అందులో పెద్ద నిజం ఉంది. చెదలు పుట్ట లోపల ఒక రకం బూజును పైరులాగా పెంచి తింటాయి. ఆ బూజే అదను చూసి పుట్ట మీద గొడుగై లేస్తుంది. పేరు పెట్టిన పల్లెటూరివాడు ఆ రెండింటి సంబంధాన్ని శాస్త్రజ్ఞుడికన్నా ముందే గమనించాడు.

ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో నేల అడుగున నీరు కనిపెట్టే పద్ధతులు రాశాడు. ఫలానా చెట్టు పక్కన పుట్ట ఉంటే ఇంత లోతున జల ఉంటుందని అందులో లెక్కలు కనిపిస్తాయి. ఆ లెక్కలన్నీ నేడు నిలుస్తాయని నేను చెప్పడం లేదు. ఒక్క మాట మాత్రం గట్టిది. తేమ లేనిదే చెదకు బతుకు లేదు. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి, చివర మళ్ళీ పనికి వస్తుంది. అదే గ్రంథంలో వజ్రలేపమనే గట్టి పూత తయారీ కూడా ఉంది. పచ్చి తుమికికాయ, వెలగకాయ, బూరుగపువ్వు వంటివి నీటిలో వేసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచి, దానికి జిగురు పదార్థాలు కలిపి, వేడిగా గోడకు పట్టించమన్నాడు. ఇంటి మరమ్మతు మన దేశంలో గ్రంథానికెక్కిన విద్య అని దీనివల్ల తెలుస్తోంది.

మన చెదలను గురించి ఐరోపా వారికి వివరంగా చెప్పిన మనిషి కథ మన ఆర్కాటుకూ, మన తెలుగు తీరానికీ చెందినది. ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడికి వైద్యుడుగా వచ్చాడు. తరువాత ఆర్కాటు నవాబు కొలువులో చేరాడు. 1779లో ఆయన దక్షిణదేశపు చెదల మీద రాసిన వ్యాసం బెర్లిన్‌లో అచ్చయింది. వానకు ముందు రెక్కలు మొలిచి లేచే ఉసిళ్ళను జనం ఎలా పడతారో కూడా ఆయన చూసి రాశాడు. పుట్టకు రెండు కన్నాలు చేసి, ఒకవైపు పొగ పెట్టి, రెండోవైపు కుండ ఉంచుతారట. ఈ సంగతి మనకు వింతా? తమిళులు ఈసల్ అనే ఆ ఉసిళ్ళను బియ్యంతో కలిపి వేయించుకు తిన్న ముసలివాళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నారు. కోనిగ్ 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు. అప్పుడు ఆయన పక్కన ఉన్నది విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద గొప్ప గ్రంథం వెలువరించిన వైద్యుడు.

ఇక మన ఇళ్ళ సంగతి. మట్టి ఇంటికి మరమ్మతు అనేది ఎప్పుడో చెడినప్పుడు చేసే పని కాదు, ఏటేటా చేసే పండుగపని. సంక్రాంతికి ముందు గోడకు ఎర్రమట్టి మెత్తి, పేడతో అలికి, సున్నం కొట్టేవారు. అలికే చేయి గోడంతా తడిమేది. ఎక్కడ పగులు వచ్చింది, ఎక్కడ చెద దారి పట్టింది, ఎలుక ఎక్కడ బొక్క పెట్టింది అన్నీ ఆ చేతికి తెలిసేవి. కొయ్య స్తంభాన్ని నేలలో పాతకుండా రాతి దిమ్మ మీద నిలబెట్టేవారు. రాయిని చెద కొరకలేదు. దాని మీదుగా ఎక్కాలంటే మట్టితో దారి కట్టుకోవాలి, కడితే కంటికి కనిపిస్తుంది. మందు లేని కాలపు కావలి అది.

కలిగినవారి ఇళ్ళకు మద్రాసు మిద్దె ఉండేది. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను ఐమూలగా, అంచు మీద నిలబెట్టి సున్నంతో పేర్చేవారు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, ఆడకూలీలు వరుసగా కూర్చొని చెక్కలతో రోజుల తరబడి బాదేవారు. బాదుతూ కరక్కాయ, బెల్లం నానిన నీళ్ళు చిలకరించేవారు. సున్నాన్ని ఎద్దు తిప్పే గానుగలో రుబ్బేవారు. అలా కట్టిన మిద్దె చిన్న పగులు ఇస్తే అదే సున్నంతో పూడ్చేవారు. పాత పనికి పాత సరుకే అతుకుతుంది.

మట్టికి నీటి భయం ఉండనే ఉంది. 1903 నవంబరులో పాలారు పొంగి వాణియంబాడిని ముంచింది. ఎగువన మైసూరు రాజ్యంలో చెరువుల కట్టలు తెగడం దానికి కారణం. అలాంటి వరదలో మట్టి గోడ నిలవదు. 2021 నవంబరులో మోర్ధానా నిండి పొర్లినప్పుడు గుడియాత్తంలో కౌండిన్య ఒడ్డున ఉన్నవారు పడిన అవస్థ మీలో చాలామంది చూసిందే. కాబట్టి పాతదంతా బంగారమని నేను అనను.

1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టారు. ఆ పెంకులు రైలెక్కి ఊరూరికీ వచ్చాయి. బోదకప్పు తగ్గింది. బోదతో పాటు అందులోని తేళ్ళూ తగ్గాయి. సిమెంటు 1904లో మద్రాసులో మొదలుపెట్టి నిలవలేకపోయింది. 1914లో పోరుబందరులో నిలదొక్కుకొంది.

ఎలుక కథ వేరు. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది, 1898కి బెంగుళూరు చేరింది. బెంగుళూరు నుంచి మద్రాసు పోయే రైలు మన గుడియాత్తం మీదుగానే పోతుంది. ఎలుక మీది గోమారి ద్వారా ప్లేగు మనిషికి వస్తుందని 1898లోనే సిమొన్ అనే ఫ్రెంచి వైద్యుడు కరాచీలో చూపాడు. ఎలుక రాలితే ఇల్లు విడిచి పొలంలో గుడిసె వేసుకోవాలని పల్లెజనం అనుభవంతోనే తెలుసుకున్నారు. ఎలుకలు పట్టడంలో ఆరితేరినవారు మన యానాదులు, తమిళ వైపు ఇరుళులు. అడుగున కన్నం పెట్టిన కుండలో గడ్డి రాజేసి, మూతిని బొక్కకు ఆనించి, కన్నంలోంచి పొగ ఊదేవారు. ఎలుక చిక్కేది, అది దాచిన ధాన్యం కూడా చిక్కేది. విషం చుక్క లేదు. ఊపిరితిత్తులు మాత్రం ఊదేవాడివి. ఆ కష్టానికి మనం ఏనాడూ సరైన కూలి కట్టలేదు.

తరువాత మందుల కాలం వచ్చింది. డి.డి.టి. పురుగులను చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ కనుక్కొన్నాడు, 1948లో నోబెల్ బహుమతి పొందాడు. మనదేశంలో 1953లో మలేరియా అదుపు కార్యక్రమం మొదలై ఇంటింటా డి.డి.టి. చల్లారు. మలేరియా బాగా తగ్గింది, ఆ మేలు మరువరాదు. అయితే చల్లినవారు గోడ అలకవద్దన్నారు, పండుగ వస్తే మన ఆడవాళ్ళు అలికారు. మందు మట్టి కింద పడిపోయింది. నల్లులేమో కొన్నేళ్ళలోనే ఆ మందుకు అలవాటుపడ్డాయి.

ఆ వెనుక గమాక్సిన్ పొడి, ఆల్డ్రిన్, క్లోర్డేన్, ఎండ్రిన్ వచ్చాయి. ఎండ్రిన్ పేరు పురుగుకన్నా మనిషి చావుకే ఎక్కువగా వినిపించిన రోజులు మీకు తెలుసు. 1990లో దాన్ని నిషేధించారు. ఆల్డ్రిన్, క్లోర్డేన్, గమాక్సిన్ కూడా ఆ దశాబ్దంలోనే నిషేధానికి వచ్చాయి. ఇవి మట్టిలో ఏళ్ళ తరబడి చావవు, కొవ్వులో చేరి తల్లిపాలలోకి దిగుతాయి. అందుకే 2001లో స్టాక్‌హోమ్‌లో చాలా దేశాలు కలిసి ఇలాంటి మందుల మీద ఒప్పందం చేసుకున్నాయి. 2006లో మనదేశం అందులో చేరింది. మీ అటక మీద పాత డబ్బా ఏదైనా ఉంటే తెరవకండి, బావిలో గాని కాలువలో గాని పోయకండి. వ్యవసాయాధికారిని అడిగి అప్పగించండి. పచ్చ భాస్వరం కలిసిన ఎలుకల ముద్దను పిల్లలున్న ఇంట్లోకి రానీయకండి. అది కాలేయాన్ని తింటుంది, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు.

మరి మన చేతిలో ఏముంది? ఇందాక జ్ఞాపకం పెట్టుకోమన్న మాట ఉంది. చెదకు తేమ కావాలి. కారే కుళాయినీ, మిద్దె మీద నిలిచే నీటినీ, గోడ మొదట్లో పడే చూరు నీటినీ ముందు మళ్ళించండి. కట్టెలమోపు గోడకు ఆనించకండి. మట్టి దారి కనిపిస్తే గీకివేసి, అది ఎక్కడ మొదలైందో వెతకండి. వారం తరువాత మళ్ళీ చూడండి. కొత్త దారి కడితే పుట్ట బతికే ఉందన్నమాట. అప్పుడు తెలిసిన పనివాణ్ణి పిలవండి, బావికీ తొట్టికీ ఎడంగా ఏ మందు ఎంత పోస్తున్నాడో అడిగి రాసుకోండి. మట్టి గోడకు సిమెంటు పూయకండి. సిమెంటు లోపలి తేమను బయటికి పోనివ్వదు, సున్నం పోనిస్తుంది. పెట్టెను గోడకు జానెడు దూరంగా, రాతి పలక మీద ఉంచండి. నెలకొకసారి మూత తీసి ఎండ చూపించండి.

మా బంధువు గోడ ఇప్పుడు మళ్ళీ సున్నపు పూతతో ఉంది. పెట్టెలో మిగిలిన పుస్తకం ఒక్కటే, పెద్దబాలశిక్ష. దాన్ని నెలనెలా ఎండలో పెట్టే పని మనవరాలిది. పెట్టినప్పుడల్లా ఒక పుట చదివించి మరీ లోపల పెట్టిస్తున్నాడు. చెదపురుగు చీకటిలో, ఎవరూ ముట్టని చోట చేరుతుంది. ఈ రోజు మీ ఇంట్లో చాలాకాలంగా ఎవరూ ముట్టని పెట్టె ఏదో ఒకసారి చూడండి.