కొల్లేటిసీమ పాటలపెట్టెలు

బెజవాడకడ కృష్ణానదిపై 1855వ సంవత్సరమునాటికి ఆనకట్ట పూర్తియై, తూర్పు డెల్టా కాలువలలో నీరు పాఱిన పిమ్మట, గుడివాడకును కొల్లేటికిని నడుమనున్న పల్లపునేలలు వరిచేలై, మాసూళ్లు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన తరువాత రైతునకు కొంత తీఱికయు, చేతిలో కొంత రొక్కమును మిగులు దినములు వచ్చెను. ఆ తీఱికను, ఆ రొక్కమును ఈ సీమవారు ఎక్కువగా నాటకమునకే సమర్పించిరి. ముదినేపల్లి చుట్టుపట్ల గ్రామములను చూచినచో ఈ మాట అతిశయోక్తి కాదని తెలియును. బిల్వమంగళ పాత్రధారణమున అసమానుడని పేరొంది, ఏలూరిలో న్యాయవాదిగా నుండి, 1938లో అచటనే ప్రభాత్ థియేటరును స్థాపించిన బందా కనకలింగేశ్వరరావుగారిది కొల్లేటి యొడ్డుననున్న ఆటపాక. అన్నపూర్ణా పిక్చర్స్ సంస్థాపకులైన దుక్కిపాటి మధుసూదనరావుగారిది ముదినేపల్లికి చేరువనే యున్న పెయ్యేరు. నాటకములలో స్త్రీవేషములతో ఆరంభించి వెండితెర నేలిన అక్కినేని నాగేశ్వరరావుగారిది గుడివాడ తాలూకా రామాపురము. 1922లో ఘంటసాల వెంకటేశ్వరరావుగారు జన్మించిన చౌటపల్లియు ఆ గుడివాడ ప్రాంతములోనిదే. ఇన్ని కంఠములును, ఇందఱు నటులును కొలది క్రోసుల మేరలో పుట్టిన నేలపై, సంగీతయంత్రముల చరిత్ర పద్యముతో ముడిపడి సాగినది. సంగీతమును వెంటగొనిపోవుటకు ఏ యంత్రము తగినదని నేడు మనవారు అంగడిలో అడుగుచున్న ప్రశ్నను, ఈ సీమవారు తొంబదియేండ్లుగా అడుగుచునే యున్నారు.

1902లో గ్రామఫోన్ కంపెనీవారి పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మున్నగువారి గానమును ధ్వనిముద్రణ చేసికొనిపోయెను. అవి జర్మనీలోని హానోవరున అచ్చయి మరల ఈ దేశమునకు రావలసియుండెను. కావుననే తొలినాటి గాయకులు పాట ముగియగానే తమ పేరు తామే బిగ్గఱగా చెప్పుకొనెడివారు. భాష తెలియని పరదేశపు పనివాండ్రు ఏ పళ్లెము ఎవరిదో గుర్తుపట్టుటకు ఆ కేక యొక్కటే ఆధారము. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసిన తరువాత ఆ అవసరము తీఱినది. రికార్డు నడుమ అంటించిన గుండ్రని కాగితముపై గాయకుని పేరు, నాటకము పేరు, రాగము, క్రమసంఖ్య అచ్చుపడసాగెను. పాటతోపాటు దాని కులగోత్రములు కూడ ప్రయాణముచేయుట అనెడి ఈ ఏర్పాటును పాఠకులు గుర్తుంచుకొనవలయును. ఈ వ్యాసమంతయు దాని చుట్టునే తిరుగుచున్నది.

పది అంగుళముల రికార్డు ఒక వైపున సుమారు 3 నిమిషములకు మించి పాడదు. రంగస్థలముమీద పద్యమునకు ఇట్టి హద్దు లేదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములలోని పద్యముగాని, కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణిలోని పద్యముగాని నటుడు ఎత్తుకొన్నచో, హార్మోనియము శ్రుతినందించుచుండగా ఆలాపన సాగి సాగి, ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేయగా మరల మొదటికి వచ్చి, ఒక్క పద్యమే పావుగంట నిలుచుట కలదు. అట్టి దానిని 3 నిమిషములలో ఇముడ్చుట సామాన్యమైన విద్య కాదు. మైలవరము బాలభారతీసమాజమున పేరు గడించిన కపిలవాయి రామనాథశాస్త్రిగారి వంటివారు ఆలాపనను కత్తిరించి, రాగస్వరూపమును మొదటి చరణముననే నిలిపి, సీసముయొక్క ఎత్తుగీతిని చివరి క్షణములకు సరిపుచ్చి పాడిన తీరు వేఱొక కళయని నా నిశ్చితాభిప్రాయము. నాటకసమాజము ఊరికి ఏడాది కొకమాఱు వచ్చునేమో. రికార్డు మాత్రము ఎన్నిమాఱులైనను విసుగుచెందక పాడును. పల్లెటూరి పడుచువాండ్రు పెక్కుమంది గురువునెఱుగకయే రికార్డు నెదుట కూర్చుండి పద్యము నేర్చిరి.

ఇంటిలో నుండు గ్రామఫోనుకు పెద్ద కొమ్ముబూర యుండెడిది. దానిని ఒక యూరినుండి మఱియొక యూరికి చేర్చుట ప్రయాసము. చేతపట్టుకొని పోదగిన పెట్టెలు మొదటి మహాయుద్ధకాలమున డెక్కావారి యంత్రముతో ప్రసిద్ధికెక్కి, సైనికుల కందకములలో సయితము పాడినవి. హిజ్ మాస్టర్స్ వాయిస్‌వారి 101 అను పెట్టె 1925లోను, 102 అనునది 1931లోను వెలువడగా, మనవారికి ‘కుక్కమార్కు పెట్టె’ అనగా ఇవియే యైనవి. 1928లో గుడివాడ-భీమవరము రైలుమార్గము తెఱచుటతో కైకలూరు ప్రాంతమువారికి బెజవాడ అంగళ్లు దగ్గఱయ్యెను. కొనుగోలుదారు పెట్టెను ఊరక చూచి కొనెడివాడు కాడు. మూతతెఱచి, ప్రక్కనున్న రంధ్రములో పిడిని దూర్చి త్రిప్పి, లోపలి స్ప్రింగు బిగియుట చేతికి తెలియునట్లు మెల్లగా కీయిచ్చి, ఒకసారి ఇచ్చిన కీతో రెండువైపులును వేగము సడలక తిరుగునో లేదో చూచెడివాడు. వేగము తగ్గినచో శ్రుతి జాఱును; శ్రుతి జాఱిన పద్యమును ఈ సీమలో ఎవ్వరును క్షమింపరు. ఉక్కుముల్లు ఒక వైపు పాడగానే అరగిపోవును గనుక ప్రతివైపునకును క్రొత్తముల్లు మార్చవలయును. ముండ్లడబ్బీలో తుప్పు పట్టనీయకుండ కాపాడుకొనుట కొల్లేటి తేమగాలిలో నిత్యకృత్యము. కరెంటు అక్కఱలేకపోవుట దాని పరమగుణము. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లోగాని పుట్టలేదు. అంతవఱకు ఈ పల్లెలు పెక్కింట, బ్యాటరీ లేనిచో, పాడగల యంత్రము కీతో నడచునదియే.

కాని పెట్టె తేలికయైనను సేకరణ తేలిక కాదు. 102 పెట్టె మూతలోపల కొలది రికార్డులను మాత్రమే ఇఱికించుటకు వీలుండెడిది. రికార్డు ఒక్కొక్కటి హెచ్చుతక్కువగా 200 గ్రాములు తూగును. నూఱు రికార్డులు గలవాడు ఇరువది కిలోల బరువును మోయవలయును. అందులో వినదగినది అంతయు చేర్చినను సుమారు 10 గంటల సంగీతము. పైగా లక్కతో చేసిన ఆ పళ్లెములు క్రిందపడినచో పగులును, ఎండ తగిలినచో వంగును, వానకాలమున బూజు పట్టును. లంకగ్రామములకు పడవలమీద వానిని చేర్చువారు పాత పంచెలలో చుట్టి, పెట్టెలో నిలువుగా నిలిపి, పసిబిడ్డనువలె ఒడిలో పెట్టుకొని కూర్చుండెడివారు. కావున పొరుగూరి పెండ్లికి పోవునప్పుడు నూఱింటిలో ఏ ఇరువదింటిని తీసికొని పోవలయునను ఎంపిక సేకరణకర్తకు అనివార్యమై, ఆ ఎంపికకు సాధనముగా రూళ్లపుస్తకమొకటి ప్రతి సేకరణకును తోడుండెను. అందులో రికార్డు సంఖ్య, పాడినవారి పేరు, నాటకము, రాగము వరుసగా వ్రాసి యుండెడివి. ఒక నాటకమును అనేక రికార్డుల సెట్టుగా తెచ్చినప్పుడు ఈ వరుస మఱింత ముఖ్యమయ్యెను. ఒక్క పళ్లెము తాఱుమాఱైనను రాయబారమునకు ముందే యుద్ధము జరిగిపోవును.

పెద్ద సేకరణను వెంట త్రిప్పుటయే వృత్తిగా గలవారు మైకుసెట్టువారు. వీరి చరిత్రను పండితులు పట్టించుకొనకపోవుట నాకు మిక్కిలి వెలితిగా తోచుచున్నది. శ్రీరామనవమి పందిళ్లు, పెండ్లిండ్లు, తిరునాళ్లు వీరు లేనిదే జరిగెడివి కావు. కొబ్బరిచెట్టుకు గొట్టము కట్టి, బ్యాటరీతో యాంప్లిఫయరును నడపి, అరలు గలిగిన కొయ్యపెట్టెనుండి రికార్డులను ఒకదాని వెనుక నొకటి తీసి పెట్టుచు, తెల్లవారుజామున దేవునిపాట, పెండ్లికూతురు పీటలమీదికి వచ్చు వేళకు తగిన పాట, భోజనముల వేళ హుషారుపాట, రాత్రి పద్యములు అని కాలోచితముగ నిర్ణయించుట వారి చేతిలోని విద్య. డేరాసినిమాలలో ఆట మొదలగుటకు ముందు ఘంటసాలవారి ‘నమో వేంకటేశ’ వేయుట ఆనవాయితీయై, ఆ పాట వినబడగానే ఊరిజనము పరుగెత్తెడివారు. చీకటిలో తడిమి కావలసిన రికార్డును తీయగల మైకుసెట్టు యజమానికి తన సేకరణలోని ప్రతి పళ్లెముయొక్క అంచుమీది బీట కూడ పరిచితమే.

ఆ తరువాతి మార్పులను త్వరగా చెప్పవచ్చును. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఆరంభమై, పాటలు గాలిలోనే రాసాగెను. అయితే రేడియోలో ఎంపిక మనది కాదు. నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్‌ప్లే రికార్డులు వచ్చి, ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా పాడసాగినవి. ఘంటసాలవారు 1974లో దివంగతులైన పిదప వెలువడిన వారి భగవద్గీత అట్టి రికార్డుగానే గుడిగుడికి చేరినది. ఫిలిప్స్‌వారు 1963లో వెలయించిన క్యాసెట్టు మన పల్లెలకు మఱి కొన్నియేండ్లకు, విశేషించి గోదావరి జిల్లాలనుండి కువైటు, దుబాయి మొదలగుచోట్లకు పనికి పోయినవారు సెలవులకు తెచ్చిన టేపురికార్డర్ల మూలమున వచ్చెను. 1977నాటి దానవీరశూరకర్ణ చలనచిత్రములోని సంభాషణలు కాఫీహోటలులో క్యాసెట్టుమీద మ్రోగని దినము లేదు. సోనీవారి వాక్‌మన్ 1979లో పుట్టి సంగీతమును ఒక్కని చెవికి పరిమితము చేసినది. ఈ సీమలో సంగీతమన్నది నలుగురు కూడి వినునది గనుక, రేడియోయు టేపురికార్డరును ఒకటిగ కూర్చిన టూ-ఇన్-వన్‌కు లభించిన ఆదరము దానికి లభింపలేదు.

ఏలూరు, గుడివాడ, భీమవరము బజారులలో అప్పుడు రికార్డింగు దుకాణములు వెలసెను. కావలసిన పాటల చీటీ వ్రాసియిచ్చి, ఖాళీక్యాసెట్టు చేతికిచ్చినచో, రెండుమూడు దినములలో 60 నిమిషముల సంగీతము సిద్ధము. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి శ్రీకృష్ణపాత్రధారుల పద్యములు ఈ విధముగనే వేలకొలది యిండ్లకు ప్రాకినవి. ఇది గొప్ప ఉపకారమే. కాని అచ్చటనే ఒక గొప్ప నష్టమునకును బీజము పడినది. రికార్డు నడుమనున్న కాగితము క్యాసెట్టుమీదికి రాలేదు. ‘పద్యములు - 2’ అని మాత్రము అట్టమీద వ్రాసిన క్యాసెట్టు మఱియొక దుకాణమునకు పోయి, అచట మరల నకలు తీయబడి, పాడినవారెవరో, ఏ నాటకములోనిదో, ఏ కంపెనీ రికార్డో తెలియని కంఠముగా మిగిలెను. 1930 ప్రాంతమున అచ్చైన కాగితములో అంత శ్రద్ధగా నిలుపుకొన్న పేరును, అరువదియేండ్లలోపలనే మనము పోగొట్టుకొంటిమి.

ఎంపీ3 వచ్చిన పిమ్మట ఈ నష్టము మఱింత వేగమందుకొనెను. 2001 అక్టోబరులో ఆపిల్‌వారు 5 గిగాబైట్ల ఐపాడ్‌ను వెలువరించి వేయి పాటలు జేబులో నుండునని ప్రకటించిరి. 2007లో 160 గిగాబైట్లది వచ్చి నలువదివేల పాటలు పట్టుననిరి. ఐపాడ్ క్లాసిక్ అను ఆ రకమును 2014లో ఆపివేసిరి. ఈ పల్లెలలో ఐపాడ్ కంటె మెమరీకార్డు విస్తరించినది. సెల్‌ఫోను దుకాణమున కొలది రూపాయలకు కార్డునిండ పాటలు ఎక్కించి యిచ్చెడివారు. అందలి ఫైళ్లకు ‘ట్రాక్ 07’ అనియో, ఏదో వెబ్‌సైటు పేరో తప్ప వేఱు పేరుండదు. గ్రామఫోన్ కంపెనీకి వారసులైన సరిగమవారు 2017లో కారవాన్ అను పెట్టెను తెచ్చిరి. దాని తెలుగు రూపమును వృద్ధులు ఆప్యాయముగ వినుచున్నారు, అది తగినదే. కాని అందలి పాటల ఎంపిక కంపెనీవారిది. స్వయముగ సేకరించినవానికి అది చాలదు.

ఇప్పుడు ఒకరి యింట వేయి పాతరికార్డులు గలవనుకొందము. రెండువేల వైపులు, ఒక్కొక్కటి 3 నిమిషములు, ధ్వనినష్టము లేని ఫ్లాక్ పద్ధతిలో ఒక్కొక్క వైపునకు సుమారు 15 మెగాబైట్ల చొప్పున లెక్కించినను అంతయు కలిసి 30 గిగాబైట్లకు మించదు. గోరంత కార్డులో 200 కిలోల సేకరణ ఇముడుచున్నప్పుడు, ఎన్ని పాటలు పట్టుననెడి ప్రశ్న యంత్రమును ఎంచుటలో అప్రధానమైపోయినది. కార్డును మార్చుకొను వీలున్నదా, ఫైలులో వ్రాసిన గాయకుని పేరును రాగమును చూపునా, తెలుగులిపిని అక్షరములుగ చూపునా లేక చదరపు గళ్లుగ చూపునా, నాటకపు సెట్టును వరుస తప్పక వినిపించునా, చీకటిలో తడిమి నొక్కదగిన మీటలున్నవా అని చూడవలయును. అంతకు ముందుగా, రికార్డును ఫైలుగ మార్చునపుడు వేగమును హార్మోనియము శ్రుతితో సరిచూడవలయును. పాత రికార్డులన్నియు కచ్చితముగ 78 చుట్లకే పాడినవి కావు, కొన్ని 70కిని 80కిని నడుమ ఎచటనో నిలుచును. పిమ్మట నడిమి కాగితమును ఛాయాచిత్రము తీసి, అందలి పేరు, నాటకము, రాగము, సంఖ్య ఏవియును విడువక ఆ ఫైలులోనే తెలుగున నింపి, దాని నకలు మఱొక ఊరివారికి కూడ ఇచ్చి యుంచవలయును.