యవనుల జాడ: ఆదుర్రు నుంచి నాగార్జునకొండ దాకా

గ్రీకు పురావస్తువులు చూడాలంటే ఏథెన్స్ వెళ్ళాలి. కుదరకపోతే లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం. ఆన్‌సైట్‌కి వెళ్ళినవాళ్ళంతా మొదటి వీకెండ్‌లోనే పార్థెనాన్ శిల్పాల ముందు నిలబడి ఫొటో పెడతారు. కోనసీమవాడికి ఇంకో దారి కూడా ఉంది. అది కాస్త చుట్టుదారి. రాజోలు పక్కన మొదలై, ఘంటసాల మీదుగా, కృష్ణా నది మధ్యలో ఉన్న ఒక దీవి మీద తేలుతుంది. ఆ దారిలో ‘గ్రీకు మ్యూజియం’ అని బోర్డు ఎక్కడా ఉండదు. ఉన్నదల్లా ఒక ప్రశ్న. గ్రీకులు మన తీరానికి వచ్చారా? వస్తే ఏం వదిలి వెళ్ళారు?

ముందు కాగితం మీద ఏముందో చూద్దాం. క్రీస్తుశకం 1వ శతాబ్దం మధ్యలో, ఈజిప్టు నుంచి వ్యాపారం చేసే గ్రీకు భాషీయుడెవరో ‘పెరిప్లస్’ అనే నౌకాయాన గైడు రాశాడు. ఆయన పేరు మనకు అందలేదు. ఎర్ర సముద్రం నుంచి మన పశ్చిమ తీరం దాకా ఏ రేవులో ఏం అమ్ముడుపోతుంది, ఏం కొనాలి అన్నది పూసగుచ్చినట్టు చెప్తాడు. తూర్పు తీరానికి వచ్చేసరికి మాటలు పొదుపైపోతాయి. మన ప్రాంతాన్ని ‘మసాలియా’ అన్నాడు. అది చాలా దూరం పరుచుకుని ఉందనీ, అక్కడ సన్నని నూలుబట్ట బోలెడు తయారవుతుందనీ చెప్పి ముందుకు వెళ్ళిపోయాడు. అంతే. అయినా రెండు వేల ఏళ్ళ కిందటి విదేశీ వ్యాపారి మన గురించి గుర్తుపెట్టుకున్న మొదటి సంగతి బట్ట కావడం నాకు బాగా నచ్చింది.

2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని టాలెమీ తన భూగోళ గ్రంథం రాశాడు. ఆయన ఇటువైపు ఎప్పుడూ రాలేదు. నావికుల, వర్తకుల మాటల్ని పోగుచేసి ఒక్కో ఊరికి అక్షాంశ రేఖాంశాలు కట్టాడు. మా భాషలో చెప్పాలంటే అంతా సెకండ్ హ్యాండ్ డేటా, ఫార్మాట్ మాత్రం చక్కగా ఉంటుంది. మైసోలియా అనే తీరంలో కొంటకోస్సుల, కొడ్డూర, అల్లోసిగ్నే అని ఊళ్ళు చెప్పి, ఆ తర్వాత ‘అఫెటెరియన్’ అన్నాడు. ఇది ఊరి పేరు కాదు, బయలుదేరే చోటు అని అర్థం. సువర్ణభూమికి వెళ్ళే ఓడలు అక్కడ తీరాన్ని వదిలి నడిసముద్రంలోకి తిరిగేవట.

ఇక్కడే మా ప్రాంతంవాళ్ళకి ఆశ పుడుతుంది. మైసోలోస్ అనే నది కృష్ణ అని కొందరు, గోదావరి అని కొందరు. అఫెటెరియన్‌ని గోదావరి ముఖాల దగ్గర పెట్టినవాళ్ళున్నారు, ఇంకా ఉత్తరాన శ్రీకాకుళం వైపు పెట్టినవాళ్ళూ ఉన్నారు. గోదావరి పక్షం గెలిస్తే సువర్ణభూమికి వెళ్ళే ఓడలు మా ఇంటి వెనక నుంచే వెళ్ళాయని చెప్పుకోవచ్చు. ఇలాంటి ఆశ ఉన్నప్పుడే చరిత్రని నిదానంగా చదవాలి.

కోనసీమలో ఆ కాలానికి చేతికందే సాక్ష్యం ఆదుర్రు. మామిడికుదురు మండలంలో, వైనతేయ పాయకి దగ్గర్లో, కొబ్బరితోటల మధ్య ఉన్న బౌద్ధస్తూపం. 1953లో తవ్వారు. పైనుంచి చూస్తే ఆకులున్న బండిచక్రంలా కనిపించే ఇటుక కట్టడం. చుట్టుపక్కలవాళ్ళకి అది స్తూపం కాదు, దుబరాజు గుడి. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం వెళ్తూ ఇక్కడ ఆగి పునాదిరాయి వేసిందని ఒక కథ కూడా ఉంది. కథకి రుజువు లేదు. కానీ ఆ కథకి కావలసిందేమిటో గమనించండి. ఈ ఇటుకలకి విలువ రావాలంటే పాటలీపుత్రం నుంచి ఒక రాజకుమార్తె రావాలి.

నేను వెళ్ళినప్పుడు తోటలో కాయలు దింపిస్తున్న పెద్దాయన పలకరించాడు. “ఎవరి తాలూకండీ?” అమలాపురం అన్నాను. “ఇది చూట్టానికే వచ్చారాండీ? ఇందులో ఏం లేదండీ, ఇటికలే.” ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు.

ఇటుకలే. నిజమే. గ్రీకు నాణెం లేదు, బొమ్మ లేదు. అయితే డెల్టా భూమికి ఒక స్వభావం ఉంది. గోదావరి ఏటా ఒండ్రు తెచ్చి పోస్తుంది, పాయలు దారి మార్చుకుంటాయి, తీరం ముందుకు జరుగుతుంది. అప్పటి రేవు ఉంటే గింటే ఇప్పుడు వరిచేల కింద, చాలా లోతున ఉంటుంది. డేటాబేస్‌లో ‘నల్’ వేరు, ‘సున్నా’ వేరు. సున్నా అంటే లెక్కపెట్టాం, ఏమీ లేదు అని. నల్ అంటే ఇంకా లెక్కే పెట్టలేదు అని. యవనుల విషయంలో కోనసీమ సున్నా కాదు, నల్. నల్ ఉన్నచోట మన గర్వం తోచిన అంకె వేసేయకూడదు, అంతే.

వేస్తే ఏమవుతుందో చెప్పడానికి మంచి ఉదాహరణ ఒక మట్టిపళ్ళెం. అడుగుభాగంలో సన్నని చుక్కల వలయాలు ఉండే నాజూకైన పళ్ళెం అది. ఇంగ్లీషులో రౌలెటెడ్ వేర్ అంటారు. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో మార్టిమర్ వీలర్ తవ్వినప్పుడు, ఇంత నాణ్యమైనది మధ్యధరా ప్రాంతం నుంచే వచ్చి ఉంటుందన్నాడు. ఆ లెక్కన అమరావతిలో, శాలిహుండంలో దొరికిన పెంకులు కూడా సముద్రం దాటి వచ్చినవే అయ్యాయి. తర్వాత 1980లలో విమలా బెగ్లీ ఆ పెంకుల్ని మళ్ళీ పరిశీలించి, ఎక్కువభాగం ఇక్కడివేనని వాదించింది. మట్టి మీద జరిగిన పరీక్షలు కూడా భారతదేశం వైపే చూపించాయి. పళ్ళెం మారలేదు. దాన్ని చేసిన కుమ్మరి మారాడు.

అలాగని యవనులతో రాకపోకలు కల్పన కాదు. నల్గొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు 1,500కు పైగా ఒకేచోట దొరికాయి. నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు వచ్చాయి. రోమన్ నాణెం ఎర్ర సముద్రం దాటి ఇక్కడికి చేరిందంటే ఆ ఓడ మీద గ్రీకు మాట్లాడే మనుషులు చాలామందే ఉండి ఉంటారు. ఆనాటి తూర్పు మధ్యధరాలో వ్యాపారభాష గ్రీకే. మనవాళ్ళు వాళ్ళందర్నీ కలిపి యవనులు, యోనులు అన్నారు.

ఈ చుట్టుదారికి చివరి మజిలీ నాగార్జునకొండ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇదే. 1926లో లోకానికి తెలిసింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. లోయ మొత్తం మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నీళ్ళతో పోటీపడుతూ తవ్వకాలు జరిగాయి. దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. నీళ్ళొచ్చాక ఆ కొండ దీవి అయింది. విజయపురి సౌత్‌లో టికెట్ తీసుకుని లాంచీ ఎక్కితే, పాత ఊరి మీదుగా వెళ్తూ పాత ఊరి మ్యూజియం చూడటానికి వెళ్తాం. అసలు ఊరు మన కాళ్ళ కింద నీళ్ళలో ఉంటుంది.

అక్కడి రాజప్రాసాద స్థలంలో దొరికిన స్తంభాల మీద ఇద్దరు వింత మనుషులున్నారు. ఒకడు పొడుగుచేతుల అంగీ, లాగూ తొడుక్కున్న శకసైనికుడు. రెండోవాడికి గడ్డం ఉంది, నడుం పైన బట్ట లేదు, చేతిలో కొమ్ము ఆకారపు పానపాత్ర. ఈయన్ని గ్రీకుల మద్యదేవుడు డయొనైసస్‌గా గుర్తించారు. చెక్కినది పల్నాడు సున్నపురాయి మీద. చెక్కిన చెయ్యి బహుశా పక్కనే బుద్ధుడి జాతకకథలు చెక్కిన చెయ్యే. ఆ శిల్పి ఆయన్ని దేవుడనుకున్నాడా, దూరదేశపు తాగుబోతు అనుకున్నాడా? రాయి చెప్పదు. రేవుల్లో దిగే మనుషుల్ని చూసో, వాళ్ళు తెచ్చిన సామాను మీద బొమ్మల్ని చూసో చెక్కి ఉంటాడు.

నీళ్ళలో మునగకుండా అనుపు దగ్గర తిరిగి కట్టిన మెట్ల రంగస్థలాన్ని కూడా గ్రీకు యాంఫీథియేటర్ అని చూపిస్తారు. గ్రీకు థియేటర్ అర్ధచంద్రాకారం. ఇది దీర్ఘచతురస్రం, నాలుగువైపులా మెట్లు. పోలిక ఉన్నమాట నిజం. కానీ నాలుగువైపులా మెట్లున్న కట్టడం అనగానే మన పల్లెటూరివాడికి కూడా గుర్తొచ్చేది కోనేరే కదా.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది బొమ్మలు కాదు, అక్షరాలు. ఆభీర వసుషేణుడి కాలం నాటి శాసనం ఒకటుంది. అష్టభుజస్వామి ప్రతిష్ఠ గురించి. అందులో అవంతి శకరాజు, వనవాసి సాతకర్ణి, వాళ్ళతోపాటు సంజయపురి యోనరాజు పేరు వస్తుంది. విష్ణువు విగ్రహ ప్రతిష్ఠలో భాగమైన యోనుడు! ఇది కొత్త కూడా కాదు. అంతకుముందే కార్లే గుహల్లో స్తంభాలు దానం చేసిన యవనులున్నారు. వాళ్ళ పేర్లు ధమ్మ, సిహధయ. వాళ్ళ ఊరు ధేనుకాకటం. అది మన ధరణికోటేనని కొందరన్నారు, అదీ తేలలేదు. మరోవైపు నాసిక్ శాసనంలో గౌతమీ బాలశ్రీ తన కొడుకు శక యవన పహ్లవుల్ని నాశనం చేశాడని చెప్పుకుంటుంది. అంటే ఆ రోజుల్లో యవనుడు ఒకచోట శత్రువు, ఒకచోట దాత, ఒకచోట సాటి భక్తుడు. వచ్చినవాళ్ళు మనల్ని ఎంత మార్చారని అడుగుతాం. వాళ్ళెంత మారారన్నది అంతే పెద్ద ప్రశ్న.

ఈ అలవాటు మనకి ఎక్కడినుంచి వచ్చిందో అమరావతి చెప్తుంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. వాటికి పడిన పేరు ‘ఇలియట్ మార్బుల్స్’. ఏథెన్స్ నుంచి వచ్చిన ‘ఎల్గిన్ మార్బుల్స్’కి తమ్ముడన్నమాట. అవి చలువరాయి కానే కావు, సున్నపురాయి. రాయి జాతి మార్చైనా గ్రీసు పక్కన కూర్చోబెడితే తప్ప గౌరవం లేదన్న లెక్క అది. ఇవాళ రెండూ బ్రిటిష్ మ్యూజియంలో ఒకే కప్పు కింద ఉన్నాయి. గ్రీసు తన శిల్పాల్ని దశాబ్దాలుగా గట్టిగా అడుగుతోంది. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది పోలిక కాదు, ఆ పట్టుదల.

నాగార్జునకొండలోనే బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఉంది. ఆమె తన దానాల జాబితా రాయించింది. అందులో కంటకసెల మహాచైత్యం దగ్గర కట్టించిన రాతిమండపం ఒకటి. కంటకసెల అంటే నేటి ఘంటసాల. టాలెమీ విన్న కొంటకోస్సుల అదే. ఆ ఊళ్ళో దొరికిన ఒక ప్రాకృత శాసనంలో మహానావికుడు శివకుడి పేరుంది. అంటే అలెగ్జాండ్రియాలో పటం గీసినాయనకి అది జాబితాలో ఒక వరస. ఇక్కడ అదే ఊరికి నావికుడున్నాడు, మండపం కట్టించిన ఆడమనిషి ఉంది, వాళ్ళకి పేర్లున్నాయి.

అదే శాసనంలో బోధిసిరి సింహళ భిక్షువులు ధర్మం చెప్పిన దేశాల్ని కూడా వరసగా లెక్కపెట్టింది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి. ఆ వరసలోనే, కొంత చెదిరిన అక్షరాల్లో, ‘యవన’ అన్న మాటని చదువుతారు. గ్రీకు పటంలో మనం ఒక వరస. బోధిసిరి లెక్కలో వాళ్ళూ ఒక వరసే.

ఆదుర్రు ఇటుకల గురించి కూడా అలాగే అడగాలి. పాటలీపుత్రం నుంచీ, గ్రీసు నుంచీ ఎవరొచ్చారన్నది తర్వాత. ముందు ఈ ఇటుకలు కాల్చిందెవరు? దీనికి దానమిచ్చిందెవరు? సమాధానం వరిచేల కింద ఉంది. ఇంకా ఎవరూ లెక్కపెట్టలేదు.