లెక్కలు రాసిన ఆడవాళ్ళు

ఎర్రమంచి పేరు ఇవాళ కార్ల వల్ల అందరికీ తెలుసు. పెనుకొండకు దగ్గర్లో, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్ని కలిపే జాతీయ రహదారి పక్కన ఉన్న ఈ ఊళ్ళో 2019 డిసెంబరులో కియా కర్మాగారం లాంఛనంగా ప్రారంభమైంది. అప్పట్లో ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం దానిది. నేను మాత్రం ఆ దారిన వెళ్ళేది పాత కట్టడాల కోసం. పెనుకొండ కోట, గగన్‌మహల్, బాబయ్య దర్గా, లేపాక్షి, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను. ఎన్నిసార్లు చూసినా ఒకటే ప్రశ్న వెంటాడుతుంది. ఇక్కడ ఆడవాళ్ళు ఏ రూపంలో మిగిలారు?

తిమ్మమ్మ దగ్గర జవాబు సూటిగా ఉంటుంది. 1434లో భర్త చితి మీద ఆమె సహగమనం చేసిందనీ, ఆ పందిరి గుంజే మర్రిమానై చిగిర్చిందనీ స్థలపురాణం. 1989లో ఆ చెట్టు గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఇప్పుడు పిల్లల్లేని ఆడవాళ్ళు అక్కడికి మొక్కుకోవడానికి వస్తారు. నిప్పుల్లో పోయిన మనిషి దగ్గరికి సంతానం అడగడానికి వెళ్ళాల్సి రావడంలో ఎంత దుఃఖముందో ఆ నీడలో కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. చెట్టు విస్తీర్ణం ఎన్ని ఎకరాలో అందరూ చెప్తారు. చితి ఎక్కకముందు ఆమె ఎట్లా బతికిందో చెప్పేవాళ్ళు కనబడరు.

రాచకుటుంబాల కథా దీనికి దూరం కాదు. 1565 యుద్ధంలో రామరాయలు చనిపోయాక, విజయనగరం పాడుపడగా, తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. తర్వాత వెంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు. 1614లో ఆయన చనిపోతే ముగ్గురు రాణులు సహగమనం చేశారని ఆనాటి జెసూయిట్ ఉత్తరాల్లో ఉంది. రాజ్యం రాజధానులు మార్చుకుంటూ పోయింది. చితి మాత్రం వెంట నడుస్తూనే వచ్చింది.

లేపాక్షిలో ఆడవాళ్ళు బొమ్మల్లో ఉన్నారు. వీరభద్రాలయం కప్పు మీద పార్వతి పెళ్ళి, చెలికత్తెలు, వాళ్ళ చీరల గళ్ళు, అంచులు. ఆ గుడి లతల నమూనాలు ధర్మవరం పట్టుచీరల అంచుల్లోకి వచ్చాయంటారు. అంచును మెచ్చుకున్నంత సులువుగా, మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టే ఇల్లాలి చేతిని మనం తలుచుకోం. చాలా ఇళ్ళల్లో ఆ పనికి విడిగా కూలి లేదు. మగ్గం కూలిలోనే అదీ కలిసిపోతుంది.

ఈ గుడి కథే ఒక లెక్కల కథ. అచ్యుతదేవరాయల కాలంలో దీన్ని కట్టించిన విరూపణ్ణ ఖజానా సొమ్ము వాడాడని నింద పడిందట. శిక్ష వినగానే తన కళ్ళు తనే పెరికి గోడకేసి కొట్టాడంటారు. గోడ మీద ఎర్రటి మరకలు చూపించి ఈ కథ చెప్పడం అక్కడ మామూలే. కథ నిజమో కాదో అటుంచి, సరిగ్గా ఆ రాయల కాలంలోనే విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఏం రాశాడో చూడండి. అంతఃపురం ఖర్చుల లెక్కలన్నీ రాసే ఆడవాళ్ళు ఉన్నారట. రాజ్యవ్యవహారాలు రాసి, బయటి రాయసగాళ్ళ పుస్తకాలతో సరిచూసే ఆడవాళ్ళూ ఉన్నారట. మల్లయుద్ధం చేసేవాళ్ళు, జోస్యం చెప్పేవాళ్ళు, కావలి కాసేవాళ్ళు కూడా. ఆ కొలువులోనే తిరుమలాంబ సంస్కృతంలో 'వరదాంబికా పరిణయ చంపువు' రాసింది. కావ్యం రాతప్రతిగా మిగిలి మన దాకా వచ్చింది. లెక్కలు రాసిన వాళ్ళ పుస్తకాలు రాలేదు, పేర్లూ రాలేదు. లెక్క తప్పాడన్న మగవాడికి గోడ మీద మరక ఉంది. లెక్క సరిచూసిన ఆడదానికి ఒక రాయి కూడా లేదు.

ఇదంతా పాత సంగతి అనుకుంటే ఎర్రమంచి మళ్ళీ గుర్తొస్తుంది. ఎక్కడైనా భూసేకరణ జరిగితే పరిహారం లెక్క పట్టాలో పేరుతో మొదలవుతుంది. 2013 చట్టం, సేకరణకు ముందు మూడేళ్ళు అక్కడ పనిచేసి ఆ భూమి మీద బతికే కూలీల కుటుంబాల్ని కూడా బాధితులుగా గుర్తించింది. మంచిదే. కానీ వేరుశనగ చేలో కలుపు తీసి, కాయ కోసిన మనిషి ఆ మూడేళ్ళకు రుజువు ఎక్కడ తెస్తుంది? ఆమె పనిదినాలు ఎవరు రాసిపెట్టారు? నూనిజ్ చూసిన ఆడవాళ్ళ పుస్తకాలు పోయినందుకు మనం బాధపడుతున్నాం. ఈమెకు అసలు పుస్తకమే లేదు. అది లేకపోతే చట్టం ఇచ్చిన హక్కు కూడా చేతికి రాదు.

తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. పెనుకొండ సీమకు అటువంటి పని కావాలి. కోటను చూడ్డానికి వెళ్ళే చరిత్ర విద్యార్థులు ఒక నోటుపుస్తకం పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఒక పూట ఆగాలి. ముసలమ్మల్ని అడగాలి. ఏ చేలో చేశారు, ఎన్నేళ్ళు చేశారు, కూలి ఎంత, భూమి పోయినప్పుడు మీ చేతికి ఏమొచ్చింది? గగన్‌మహల్ కొలతలు ఎట్లాగూ రాసుకుంటారు. ఈ జవాబుల్ని కూడా అదే పుస్తకంలో, చెప్పిన వాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ పేర్లతో, తేదీ వేసి రాసుకోవాలి.