జీవకణములో పాఠభేదములు

హైదరాబాదుకు పడమట తెల్లాపూరు పొలములలో ఇప్పుడు ఆకాశహర్మ్యములు లేచినవి. చేరువనే 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమున్నది. కంప్యూటరుతో జీవనము సాగించు కుటుంబములు ఇచట పెక్కు. ఐనను జీవశాస్త్రమునకు, కంప్యూటరుకు పొత్తు ఎట్లు కుదిరినదో వారి పిల్లలకు ఎవరైనను కథగా చెప్పినారా అని మాకు సందేహము.

ఆ కథ ఇన్సులిన్‌తో మొదలగును. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ శాంగరు పదేండ్లకు పైగా శ్రమించి, 1955 నాటికి ఆ మాంసకృత్తులోని 51 ఆమినో ఆమ్లముల వరుసను తేల్చినారు. 1965లో అమెరికాలో మార్గరెట్ డేహాఫ్, ఆమె సహచరులు అంతవరకు తెలిసిన వరుసలను ఒక గ్రంథముగా కూర్చినారు. ఒక్కొక్క ఆమినో ఆమ్లమునకు ఒక్కొక్క అక్షరమను ఏర్పాటును రూపొందించినదియు డేహాఫే. బయోఇన్ఫర్మాటిక్స్ అను పేరును 1970లో హాలెండు శాస్త్రజ్ఞులు పౌలీన్ హోగెవెగ్, బెన్ హెస్పర్ పెట్టిరి. రెండు వరుసలను యంత్రముచే సరిపోల్చు పద్ధతిని నీడిల్‌మన్, వున్ష్ ప్రకటించినదియు ఆ సంవత్సరమే.

సరిపోల్చుటయే ఈ శాస్త్రమునకు ప్రాణము. తెలుగువారికిది తెలియని విద్య కాదు. బ్రౌను దొర వేమన పద్యముల వ్రాతప్రతులు సేకరించి, పండితులచే పోల్పించి, 1829లో అచ్చువేయించినాడు. ఒక లేఖకుడు చేసిన తప్పు అతని ప్రతిని చూచి వ్రాసినవారి కందరికిని సంక్రమించును. ఆ తప్పును బట్టియే ఏ ప్రతి దేనికి బిడ్డయో చెప్పవచ్చును. జీవులలోను అంతే.

లేఖకదోషము ఒక్క అక్షరమైనను ఎంత చేటు చేయునో చూడుడు. రక్తములోని హీమోగ్లోబిన్‌కు చెందిన బీటా గొలుసులో 146 ఆమినో ఆమ్లములు గలవు. ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలీన్ పడినదని 1957లో ఇంగ్రామ్ చూపినారు. జన్యువులో జి-ఎ-జి అని ఉండవలసినచోట జి-టి-జి అని ఉండును, అంతే. తల్లినుండియు, తండ్రినుండియు ఈ పాఠమే వచ్చిన బిడ్డకు ఎర్రకణములు కొడవలివలె వంగును. నొప్పులు, రక్తహీనత వెంటాడును. ఆదిలాబాదు, పాడేరు ప్రాంతముల గిరిజన కుటుంబములలో ఈ వ్యాధి కలదు. దీని నిర్మూలనకు 2023లో కేంద్రప్రభుత్వము ఒక పథకము నారంభించినది. రక్తపరీక్ష చేసి, చేతికి కార్డు ఇత్తురు. ఒక్క ప్రతిలో మాత్రమే దోషమున్న పిల్ల సాధారణముగా ఆరోగ్యముగానే యుండును. అట్టి ఇద్దరు పెండ్లాడినపుడు పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. ఇది తెలియని పిల్ల చేతిలో ఆ కార్డు శాపపత్రమే యగును.

ఇట్టి విషయమును బొమ్మలతో చెప్పు యత్నములు పాతవే. 1971లో స్టాన్‌ఫర్డులో విద్యార్థులు ఆరుబయట నాట్యమాడుచు మాంసకృత్తు పుట్టుకను అభినయించగా చిత్రము తీసిరి. 2006లో హార్వర్డువారు కంప్యూటరు యానిమేషనుతో జీవకణపు అంతర్భాగమును చూపిరి. అందులో కాళ్ళున్నట్లు నడచు అణువొకటి తనకన్న ఎన్నోరెట్లు పెద్దదైన సంచిని మోసికొనిపోవును. చూడ ముచ్చటయే. కాని నిజమైన కణములో అణువులు క్రిక్కిరిసి, ఒకదానినొకటి తాకుచు, ముందునకును వెనుకకును ఊగుచుండును. అంత నెమ్మదియైన ఊరేగింపు అచట లేదు. అక్షరమెక్కడ మారినదో అందమైన బొమ్మ చెప్పదు. మా మతమున మొదటి పాఠమునకు రెండు వరుసల అక్షరములు చాలును. ఒకటి మెల్లగా జరుగవలె, రెండవదానితో కుదురుకొనవలె. తేడాగల చోట ఆగి, కొడవలి కణమును చూపవలె. బొమ్మ లేని రేడియోలో మేమైతే ఆ వరుసలను పైకి చదివి వినిపింపగలము, అంతకన్న చేయలేము.

ఆంధ్రప్రదేశమునకు ఇందు పూర్వానుభవము కలదు. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రముల పల్లెలకు విద్యా కార్యక్రమములు ప్రసారము చేసినపుడు మన రాష్ట్రమును అందొకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంత్రము పెద్దలకు తెలుగులో బొమ్మలు వచ్చెడివి. 2008లో ఛోటా భీమ్‌ను దేశమున కందించిన చిత్రకారులు హైదరాబాదువారే. జన్యువుల వరుసలు చదువు సీసీఎంబీ కూడ ఈ నగరముననే యున్నది. 2009లో అచటి శాస్త్రజ్ఞులు విదేశీయులతో కలిసి 25 జనసమూహములకు చెందిన 132 మంది జన్యుపాఠములను పోల్చి, భారతీయుల పూర్వచరిత్రను పరిశోధించినారు. ఆ లాడ్డూ తిను బాలుని గీసిన చేతులు ఒక్కమారు జి-ఎ-జి, జి-టి-జి అను రెండు వరుసలను గీసినచో, పాడేరు పిల్ల తన కార్డును తానే చదువుకొనగలదు.