సద్దికుండ: ఉదయాహారపు కథ

కదిరికి దక్షిణమున తనకల్లు కలదు. 2022వ సంవత్సరము వరకు ఇది అనంతపురము జిల్లాలోనిది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. ఎఱ్ఱనేల, అరకొర వాన. ఇట్టి సీమలో రైతు ఎండ ముదరక ముందే కాడి కట్టవలెను. వేకువను పొయ్యి రాజేసి వండుకొని తినుటకు వ్యవధి యెక్కడిది?

ఈ చిక్కును పూర్వులు క్రిందటి రాత్రియే తీర్చుకొనిరి. రాత్రి మిగిలిన రాగిసంగటి ముద్దను మట్టికుండలో నీట వేసి యుంచుదురు. తెల్లవారిన పిమ్మట దానిని మజ్జిగతో, ఉప్పుతో పిసికి, ఉల్లిపాయయో పచ్చిమిరపకాయయో నంజుకొని త్రాగుదురు. సీమలో దీనికే సద్ది యని పేరు. కోస్తాలో వరియన్నముతో చేయు చద్ది దీనికి తోబుట్టువు. 15వ శతాబ్దమున పోతన రచించిన భాగవతములో గోపబాలురు కృష్ణునితో కూడి ఆరగించినవి చల్దులే. మన ఉదయాహారపు వయస్సు ఎంతటిదో దీనివలన తెలియును.

ఆ కుండలో రాత్రియంతయు జరుగుచున్న పనిని చూడుడు. లాక్టికామ్లమును పుట్టించు సూక్ష్మజీవులు పిండిపదార్థమును పులియబెట్టును. ధాన్యములోని ఫైటేటు అను పదార్థము ఇనుమును, కాల్షియమును దేహమునకు అందకుండ పట్టియుంచును; పులియుటవలన ఆ పట్టు సడలును. అయితే కుండయు నీరును శుభ్రముగా నుండవలెను; లేనిచో హానికర క్రిములును పెరుగును.

రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తునేలలలో పుట్టి మన దేశమునకు వచ్చిన పంట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. తెల్లబియ్యములో సుమారు 7.5 మిల్లీగ్రాములే.

మరి సద్దికుండ వెనుకబడుటకు కారణమేమి? 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున అనంతపురము చేలను వేరుశనగ ఆక్రమించెను. అది అమ్ముకొను పంట. ఇంటి గాదెను నింపునది కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. పేదకు అది గొప్ప ఆదరువే. కాని సంగటి తగ్గినచోట సద్దియు తగ్గెను. ప్రొద్దుట దాని స్థానమున నిలిచినది తరచుగా ఒక గ్లాసు టీ మాత్రమే.

దీని నష్టము తరగతిగదిలో కనబడును. రాత్రి నిద్రలో కాలేయము తన నిలువనుండి రక్తమునకు గ్లూకోజు నందించును. తెల్లవారునప్పటికి ఆ నిలువ చాలవరకు తరుగును. దేహము వినియోగించు శక్తిలో సుమారు అయిదవవంతు మెదడుదే. జమైకా గ్రామీణ పాఠశాలలలో ఒక విద్యాసంవత్సరము ఉదయాహారము పెట్టి చేసిన పరిశోధన 1998లో ప్రకటితమయ్యెను. పిల్లల హాజరు పెరిగెను; చిన్న తరగతులవారు లెక్కలలో మెరుగుపడిరి.

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు మూడు దినములు రాగిజావ ఇచ్చుట ప్రారంభమయ్యెను. అదే సంవత్సరము అక్టోబరులో తెలంగాణ పాఠశాలలలో అల్పాహార పథకము మొదలయ్యెను. ఇల్లు విడిచిన పాత్రను ఈ విధముగా బడి చేత పట్టెను.

అయినను బడి ఇచ్చునది కొన్ని దినములకే; ఇంటిలో ప్రొద్దు ప్రతిదినము పొడుచును. ప్రొద్దుట తీరిక లేదనువారికి సద్దికుండ చెప్పు పాఠమొక్కటే: ఉదయాహారమునకు కావలసిన సమయము ఉదయమున లేదు, ముందటి రాత్రిలో నున్నది.